పాత పిల్లర్ డ్రిల్లు: బేరం నుంచి బెజ్జం దాకా

ఇప్పుడు దొరికే చవక బెంచ్ డ్రిల్లును ఒక్కడే ఎత్తి బల్ల మీద పెట్టేస్తాడు. ముప్పై నలభై ఏళ్ల కిందటి పిల్లర్ డ్రిల్లును, అంటే నిలువు స్తంభం మీద బిగించిన బెజ్జాల మిషన్‌ను, కదపాలంటే ఇద్దరు ముగ్గురు చెయ్యేయాలి. మనం డబ్బిచ్చి కొనేది ఆ బరువునే. బీడు పోత ఎంత మందంగా ఉంటే బిట్టు అంత వణక్కుండా దిగుతుంది. మోటరు, బెల్టు, బేరింగులు, బిట్టును పట్టే చక్కు, స్విచ్చి అన్నీ వరంగల్‌లోనే దొరుకుతాయి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇంట్లో కూర్చుని మార్చుకోలేనివి మూడే: చక్కును తిప్పే ఇరుసు అయిన స్పిండిల్, దాన్ని మోస్తూ పైకీ కిందికీ జారే గొట్టం అయిన క్విల్, ఆ క్విల్ జారే హెడ్డు బోరు (పిల్లరు పైనున్న పోతలోని రంధ్రం). ఈ మూడూ బాగుంటే ఎంత చిలుము పట్టిన మిషనైనా తెచ్చుకోండి. వీటిలో ఒకటి పోయిందంటే, కొత్త రంగేసి నిగనిగలాడుతున్నా వదిలేయండి.

ఎక్కడ వెతకాలి

1934లో మొదలై ఇప్పుడు మూతపడిన ఆజంజాహి మిల్లు, కాజీపేట రైల్వే షెడ్లు, గోదావరిఖని, భూపాలపల్లి వైపు సింగరేణి గనులు ఉన్న ప్రాంతం మనది. ఇక్కడ ఫిట్టర్లకు, టర్నర్లకు కొదవ లేదు, పాత మిషన్లకూ కొదవ లేదు. ప్రభుత్వ రంగ సంస్థల తుక్కు ఎక్కువగా ఈ-వేలంలో లాట్ల లెక్కన పోతుంది. ఒక్క డ్రిల్లు కోసం అందులో దిగడం మనవల్ల కాదు. లాటు పాడుకున్నవాళ్ల యార్డుల్లో చూడాలి.

నన్నడిగితే అంతకన్నా మంచి చోటు రోడ్డు పక్కన మూతపడుతున్న లేతు షాపు. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, జమ్మికుంట దారుల్లో ట్రాక్టర్ల పని, బోరు మోటర్ల పని చేసే షాపులు చాలా ఉన్నాయి. పెద్దాయనకు చేతగాక, కొడుకులు వేరే పని చూసుకుని షాపు ఎత్తేస్తుంటే అక్కడి డ్రిల్లు నిన్నటిదాకా నడిచినదే అయి ఉంటుంది. యార్డులో నాలుగు వానలకు నానినదానికంటే అది నయం.

సైజును అది వేయగలిగే పెద్ద బెజ్జంతో చెబుతారు: 13, 20, 25 మి.మీ. అని. ఇంటికి 13 మి.మీ. బెంచ్ డ్రిల్లో, 20 మి.మీ. పిల్లర్ డ్రిల్లో చాలు. రాజ్‌కోట్, లూధియానా, బటాలా పోతలు ఎక్కువగా కనిపిస్తాయి. పేరు చూసి మోజుపడొద్దు. ఒకే పేరుతో ఉన్న రెండు మిషన్లలో ఒకటి బంగారంలా, ఇంకోటి చెత్తగా ఉండటం మామూలే.

డబ్బులిచ్చే ముందు

ముందు కరెంటు సంగతి ఎత్తొద్దు, చెయ్యి పెట్టి చూడండి. హ్యాండిల్ తిప్పి క్విల్‌ను పూర్తిగా కిందికి దించండి. హ్యాండిల్‌ను తోడు వచ్చినవాణ్ని అలాగే పట్టుకోమనండి. ఇప్పుడు చక్కును గట్టిగా పట్టుకుని ముందుకు, వెనక్కు, పక్కలకు ఊపండి. ఎంతోకొంత ఆడుతుంది. ఆ ఆట ఎక్కడ పుడుతోందన్నదే అసలు ప్రశ్న. రెండో చేతి చూపుడువేలిని క్విల్, హెడ్డు కలిసే అంచు మీద పెట్టి మళ్లీ ఊపండి. క్విల్ కదలకుండా చక్కు ఒక్కటే ఆడుతుంటే బేరింగులు పోయాయి. అది పెద్ద విషయం కాదు. వేలి కింద క్విల్లే హెడ్డులో అటూ ఇటూ జరుగుతుంటే బోరు అరిగింది. హెడ్డుకు చీలిక, దాన్ని బిగించే బోల్టు ఉంటే కొంతవరకు సర్దుకోవచ్చు. లేదంటే బోరు పెద్దది చేసి గన్‌మెటల్ బుష్ దిగ్గొట్టించాలి, ఆ ఖర్చు మిషన్ ధరను మించిపోతుంది. క్విల్ పైన ఉన్నప్పుడు బిగుతుగా ఉండి, పూర్తిగా దించితే వెంట్రుకవాసి ఆడటం మాత్రం తప్పు కాదు.

తర్వాత చక్కు తీయించి స్పిండిల్ లోపలికి టార్చి కొట్టండి. 20 మి.మీ. మిషన్లలో సాధారణంగా రెండో నంబరు మోర్స్ టేపరు (చక్కు తోక దిగే వాలు రంధ్రం) ఉంటుంది, దాని పెద్ద వైపు సుమారు 17.8 మి.మీ. ఉంటుంది. ఎప్పుడో బిట్టు పట్టేసి, చక్కు తోక లోపల తిరిగిపోయి ఉంటే చుట్టూ గీతలు కనిపిస్తాయి. వేలు పెడితే గీరుకుంటుంది. చిన్న గీతలైతే అదే నంబరు రీమరుతో (రంధ్రం గోడను సాపు చేసే పనిముట్టు) చేత్తో తిప్పి పైపైన ఉబ్బిన లోహం తీసేయొచ్చు. గుంతలు పడి ఉంటే వద్దు.

ఇక పగుళ్లు. హెడ్డును, టేబుల్ చేతిని పిల్లరుకు బిగించే చెవుల దగ్గర, బేసులో బోల్టు రంధ్రాల దగ్గర చూడాలి. చిన్న సుత్తెతో తట్టితే మంచి పోత ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట గ్యాసునూనె (కిరోసిన్) పూసి కాసేపాగి, శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాక్కున్న నూనె సుద్దలోకి ఊరి నల్లగీత తేలుతుంది. ఐటీఐలో చదివినవాళ్లకు ఈ పరీక్ష గుర్తుండే ఉంటుంది.

టేబుల్ మీద పొరపాటున పడిన బెజ్జాల మచ్చలు చూసి మొహం చిట్లించకండి. బేరానికి పనికొస్తాయి, పనికి అడ్డం రావు.

చివరికి "అన్నా, జర కరెంటు పెట్టి తిప్పి సూపియ్యి" అంటే "లైన్ లేదు తమ్మీ, మొన్నటిదాంక మంచిగనే నడిచింది" అన్న జవాబే వస్తుంది. మోటరు కాలిపోయిందనే అనుకుని ధర కట్టండి. అమ్మేవాడి లెక్క ఎలాగూ కాటా మీదే: కిలో తుక్కు ఎంత, మిషన్ ఎన్ని కిలోలు అని. తుక్కు ధరకు రెండింతల లోపు తెగితే మంచి బేరమే.

విప్పడం

ప్రతి దశలో ఫోనులో ఫొటో తీసుకోండి, నట్లూ బోల్టులూ విడివిడి డబ్బాల్లో వేయండి. బెల్టు, మోటరు ముందు తీసేస్తే హెడ్డు తేలికవుతుంది. హెడ్డు బోల్టు వదులు చేసే ముందు టేబుల్‌ను పైకి జరిపి మధ్యలో చెక్క దిమ్మ పెట్టండి. అది మరిస్తే హెడ్డు పిల్లరు మీంచి జర్రున జారి వేళ్ల మీద పడుతుంది.

చక్కు తీయడానికి క్విల్‌లో నిలువు గాడి ఉంటుంది. స్పిండిల్ గాడిని దానికి ఎదురుగా తెచ్చి, డ్రిఫ్ట్ అనే వాలు పట్టీ దూర్చి సుత్తెతో ఒక దెబ్బ వేస్తే ఊడుతుంది. కింద చెక్క పరవండి. గాడి లేని చిన్న మిషన్లలో చక్కు పొట్టి టేపరు మీద నేరుగా కూర్చుంటుంది. దానికి చక్కుకూ స్పిండిల్‌కూ మధ్య రెండు వైపుల నుంచి వాలు ముక్కలు (వెడ్జ్‌లు) కొట్టాలి. పక్క నుంచి సుత్తెతో బాదితే స్పిండిల్ వంగుతుంది, మనం ఏ భాగాన్ని చూసి కొన్నామో అదే పోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా విప్పాల్సింది క్విల్‌ను పైకి లాగే స్ప్రింగు. హ్యాండిల్‌కు ఎదురు పక్కన గుండ్రటి డబ్బాలో చుట్టి ఉంటుంది. నట్టు పూర్తిగా తీసేస్తే డబ్బా చేతిలోంచి ఎగిరి స్ప్రింగు కత్తిలా కోస్తుంది. క్విల్ పూర్తిగా పైకి ఉండాలి. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు వేసుకోండి. ఒక చేత్తో డబ్బాను గట్టిగా అదిమి పట్టి నట్టును కొద్దిగానే వదులు చేయండి. డబ్బా గాడిలోంచి బయటికి వచ్చేంత మాత్రమే లాగి, చేతిలోనే మెల్లగా తిరగనివ్వండి. ఎన్ని చుట్లు తిరిగిందో డబ్బా మీదే మార్కరుతో రాయండి, బిగించేటప్పుడు అన్నే చుట్లు తిప్పాలి. తర్వాత పినియన్ షాఫ్టు (క్విల్‌ను దించే పళ్ల ఇరుసు) లాగితే క్విల్ కిందికి జారుతుంది, కింద చెయ్యి పెట్టుకోండి.

చిలుము

పైపైన ఉన్నదానికి గ్యాసునూనె, తీగ బ్రష్షు, సన్న ఎమరీ చాలు. చిన్న భాగాలను లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్రష్షుతో రుద్ది, బట్టల సోడా నీళ్లలో ముంచి ఎండలో ఆరబెట్టి వెంటనే నూనె పూయండి. ఆలస్యం చేస్తే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగును మాత్రం ఆమ్లంలో వేయొద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసుబారుతుంది, బిగించేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. బేరింగులు, స్పిండిల్, క్విల్ కూడా ఆమ్లానికి దూరం.

టేబుల్ లాంటి పెద్ద భాగానికి కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో బట్టల సోడా కలిపిన నీళ్లు, 12 ఓల్టుల బ్యాటరీ చార్జరు, ఒక పనికిరాని ఇనుప రేకు. చార్జరు నెగటివ్ టేబుల్‌కు, పాజిటివ్ రేకుకు. తిరగేస్తే మీ టేబులే కరుగుతుంది. రేకుగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడొద్దు, నీళ్లలో విషపు క్రోమియం దిగుతుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు.

టేబుల్ పైభాగాన్ని గ్రైండరుతో మెరిపించే పని అసలు పెట్టుకోవద్దు. చదును పోతుంది. ఎమరీని చదునైన చెక్కకు చుట్టి, నూనె వేసి చేత్తో రుద్దండి. ఎత్తుపల్లాలు చూడాలంటే కరీంనగర్ గ్రానైటు దుకాణంలో పాలిష్ పట్టిన మిగులు ముక్క అడగండి. చదును చూడటానికే చేసే సర్ఫేస్ ప్లేటుకు సాటి రాదు కానీ ఇంటి పనికి సరిపోతుంది.

బేరింగులు

క్విల్ లోపల స్పిండిల్‌కు కింద ఒకటి, పైన ఒకటి బేరింగులు ఉంటాయి. చాలా మిషన్లలో ఒత్తిడిని మోసే థ్రస్ట్ బేరింగు కూడా ఉంటుంది. పైన లాక్ వాషరు చెవిని నిటారుగా వంచి, నట్టు విప్పితే స్పిండిల్ కిందికి వస్తుంది. పాత బేరింగు మీద నంబరు చదవండి. 6204 అంటే లోపలి బోరు 20 మి.మీ., బయట 47, మందం 14. 6205 అయితే 25, 52, 15. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే బోరు వచ్చేస్తుంది. థ్రస్టుకు 51104, 51105 లాంటి నంబర్లు. నంబరు చెరిగిపోతే వెర్నియరుతో కొలిచి తీసుకెళ్లండి. రబ్బరు మూత ఉన్న 2ఆర్‌ఎస్ రకం దుమ్ముకు మంచిది. మరీ చవగ్గా ఇస్తున్నారంటే నకిలీ అయి ఉండొచ్చు. పెట్టె, బిల్లు చూసి నమ్మకమైన దుకాణంలోనే కొనండి, ఈ ఒక్కచోట పొదుపు చేయొద్దు.

ఎక్కించేటప్పుడు ఒకటే సూత్రం: షాఫ్టు మీదికి తోస్తుంటే లోపలి రింగు మీద, గూట్లోకి తోస్తుంటే బయటి రింగు మీద ఒత్తిడి పడాలి. అడ్డంగా కొడితే దెబ్బ గుండ్ల గుండా పోయి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి గరగరలాడుతుంది. సరైన సైజు పైపు ముక్క పెట్టి, బెంచ్ వైసులో మెల్లగా ఒత్తండి. వైసు లేకపోతే పక్కవీధి లేతు షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు ఉంటుంది, టీ డబ్బులకు చేసి పెడతారు. స్పిండిల్‌ను ముందురోజు రాత్రి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా సులువుగా దిగుతుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

పై నట్టును ఆట పోయి, స్పిండిల్ వేళ్లతో హాయిగా తిరిగేంత వరకే బిగించండి. అంతకుమించితే బేరింగు వేడెక్కుతుంది. క్విల్ బయటి పక్కకు పల్చని మిషన్ నూనె, దాని మీదున్న ర్యాక్ పళ్లకు కొద్దిగా గ్రీజు. క్విల్‌కు గ్రీజు పూస్తే ఇనుప రజను అతుక్కుని ఎమరీలా అరగదీస్తుంది.

మోటరు, స్విచ్చి

షాపు నుంచి వచ్చిన మిషన్‌కు ఎక్కువగా త్రీ ఫేజ్ మోటరు ఉంటుంది. ఇంట్లో ఉండేది 230 ఓల్టుల సింగిల్ ఫేజ్. తేలిక దారి, అర హెచ్‌పీ లేదా ఒక హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటరు మార్చడం. రెండోది వీఎఫ్‌డీ అనే ఎలక్ట్రానిక్ పెట్టె: లోపలికి సింగిల్ ఫేజ్, బయటికి త్రీ ఫేజ్. కానీ ఇంట్లో వాడే వీఎఫ్‌డీ 230 ఓల్టులే ఇస్తుంది. మోటరు నేమ్‌ప్లేటు మీద 415 స్టార్ అని ఉంటే దాన్ని డెల్టాకు మారిస్తే సరిపోతుంది (స్టార్, డెల్టా అంటే వైండింగు కొసలు కలిపే రెండు పద్ధతులు). ఆరు తీగల కొసలూ బయటికి ఉంటే టెర్మినల్ పెట్టెలోనే పట్టీలు మార్చాలి, మూడే ఉంటే వైండింగ్ షాపులో విప్పించాలి. వీఎఫ్‌డీకీ మోటరుకూ మధ్య పాత స్విచ్చి ఉంచొద్దు, దాని సొంత కంట్రోలు తీగలకే బటన్లు కలపాలి. కెపాసిటర్లు పెట్టి త్రీ ఫేజ్ మోటరును సింగిల్ ఫేజ్ మీద లాగించే పద్ధతి తిరుగుతుంది కానీ, శక్తి తగ్గి మోటరు వేడెక్కుతుంది.

సింగిల్ ఫేజ్ మోటరు హుమ్మని మూలుగుతూ తిరగకుండా, చేత్తో తోస్తే అందుకుంటుంటే వైండింగు బాగానే ఉండి ఉంటుంది. కెపాసిటరో, సెంట్రిఫ్యూగల్ స్విచ్చో పోయింది. ఏ మోటరైనా వాడే ముందు వైండింగ్ షాపులో 500 ఓల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టించండి. బాడీకీ వైండింగుకూ మధ్య ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆరబెట్టడమో, కట్టించడమో చేయాలి. ఎర్తు తీగ బేసుకు, మోటరు బాడీకి రెంటికీ ఉండాలి.

గోడ స్విచ్చి మీద నడపొద్దు. నో-వోల్ట్ కాయిల్ ఉన్న చిన్న స్టార్టరు పెట్టండి. కరెంటు పోతే అది విడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు కరెంటు రాగానే పంపును తానే నడిపే ఆటోస్టార్టర్లను రైతులను తీసేయమన్నారు గుర్తుందా? అక్కడ గొడవ నీళ్లది. ఇక్కడ కరెంటు రాగానే తనంతట తానే తిరిగేది మీ చేతి పక్కనున్న బిట్టు.

రంగు

దీని మీద ఎక్కువ చెప్పేది లేదు. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకుండా తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామిల్ రెండు పల్చని పూతలు. మే ఎండలో బయట వేస్తే పై పొర ముందే ఆరి ముడతలు పడుతుంది, పొద్దున్నే నీడలో వేయండి. ఇత్తడి నేమ్‌ప్లేటుకు రంగు తగలనివ్వొద్దు. పిల్లరు, క్విల్, టేబుల్ పైభాగం, బిగింపు చెవుల లోపలి పక్క రంగు లేకుండానే ఉండాలి.

బిగించి సరిచూడటం

టేపర్లను ఆరిన బట్టతో తుడిచి, నూనె చుక్క కూడా లేకుండా చక్కు ఎక్కించండి. డయల్ గేజు (సన్నటి తేడాను ముల్లుతో చూపే పరికరం), మ్యాగ్నెట్ స్టాండు ఉంటే ఈ పని హాయి. లేకపోతే లేతు షాపులో అరపూటకు అడిగి తెచ్చుకోండి. చక్కు ఎక్కించకముందే గేజు మొనను స్పిండిల్ టేపరు లోపలి గోడకు ఆనించి, బెల్టు లేకుండా చేత్తో తిప్పి చూడాలి. ముల్లు 0.03 మి.మీ. లోపు ఊగితే చాలా మంచిది. తర్వాత చక్కు ఎక్కించి, తిన్నని గుండ్రటి కడ్డీ బిగించి, చక్కుకు రెండంగుళాల కింద చూడండి. స్పిండిల్ బాగుండి ఇక్కడ 0.1 దాటితే దోషం చక్కుది లేదా దాని తోకది. కొత్త చక్కు కొంటే తీరిపోతుంది. ఈ వరస పాటించకుండా నేరుగా చక్కు దగ్గరే కొలిచి, మంచి స్పిండిల్‌ను తప్పుబట్టేవాళ్లు చాలామంది.

టేబుల్ లంబంగా ఉందో లేదో చూడటానికి కడ్డీని జడ్ ఆకారంలో వంచి చక్కులో బిగించి, కింది కొసకు గేజు కట్టండి. చేత్తో తిప్పుతూ ముందు, వెనక, ఎడమ, కుడి నాలుగు చోట్లా చదవండి. గేజు లేకుంటే ఆ కొస కింద కాగితం ముక్క జారిస్తే ఎక్కడ పడుతోందో, ఎక్కడ వదులో తెలుస్తుంది. ఎడమ కుడి తేడా టేబుల్ వాలు బోల్టుతో సర్దుకుంటుంది. ముందు వెనకల తేడాకు టేబుల్‌కూ చేతికీ కలిసే చోట రేకు ముక్క పెట్టాలి. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది, కత్తెరతో కోసుకోవచ్చు. 200 మి.మీ. వలయంలో 0.1 లోపు తేడా ఉంటే అక్కడితో ఆపేయండి.

బెల్టు, వేగం

పాత బెల్టు ఒకేచోట వంగి గట్టిపడి ఉంటుంది, మిషనంతా దడదడలాడటానికి చాలాసార్లు అదే కారణం. పుల్లీల చుట్టూ తాడు చుట్టి కొలవండి. ఏ సెక్షను బెల్టు వెడల్పు 13 మి.మీ., ఏ-38 అంటే లోపలి పొడవు 38 అంగుళాలు. బొటనవేలితో మధ్యలో నొక్కితే ఒక సెంటీమీటరు దిగేంత బిగువు చాలు. బెల్టు మీద మూత లేకపోతే రేకుతో చేయించి తీరాలి.

స్పిండిల్ వేగం తెలియాలంటే 1440ని మోటరు పుల్లీ మెట్టు కొలతతో గుణించి స్పిండిల్ పుల్లీ మెట్టు కొలతతో భాగించండి. మోటరుది 50, స్పిండిల్‌ది 150 అయితే 480. మామూలు ఇనుముకు కావాల్సిన వేగానికి గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే: 8000ని బిట్టు మి.మీ.తో భాగించండి. 5 మి.మీ. బిట్టుకు 1600, 10కి 800, 13కి 600 పైచిలుకు. ఇత్తడికి, అల్యూమినియానికి దీనికి రెండింతలు పోవచ్చు, బీడుకు కొంచెం తగ్గించాలి. ఈ పట్టిక రాసి బెల్టు మూత లోపల అంటించండి.

మొదటి బెజ్జం

బేసును బోల్టులతో బిగించండి, పైన బరువెక్కువ కాబట్టి ఊరికే నిలబెడితే బోర్లా పడుతుంది. చక్కులో ఏమీ లేకుండా పావుగంట తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరగాలి. త్రీ ఫేజ్‌లో ఉల్టా తిరిగితే ఏవైనా రెండు తీగలు మార్చండి. తర్వాత ఆపి, కింది బేరింగు దగ్గర చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలితే పై నట్టు బిగువెక్కువైంది.

ఇప్పుడు గ్లౌజులు తీసేయండి. స్ప్రింగు విప్పేటప్పుడు వేసుకోమన్నవే, తిరిగే బిట్టు దగ్గర చేతిని లోపలికి లాగేస్తాయి. కండువా, లుంగీ అంచు, పొడుగు చేతులు, జడ కూడా అంతే. చక్కు బిగించే చాబీని అందులోనే మరచి బటన్ నొక్కితే అది ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది, కాబట్టి చేతిలోంచి వదిలితే హుక్కుకే పోవాలని అలవాటు చేసుకోండి. పనిని వైసులో పట్టి, వైసును టేబుల్‌కు బోల్టు చేయండి.

పది మి.మీ. ఇనుప పట్టీ మీద సెంటర్ పంచ్ కొట్టి, ముందు 4 మి.మీ. బెజ్జం, దాని మీద 10 మి.మీ. బెజ్జం వేయండి. ఇనుముకు నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి గ్యాసునూనె, బీడుకు ఏమీ వద్దు. రెండు పక్కల నుంచి ఒకే మందం చుట్లు లేస్తుంటే అంతా సరిగా ఉంది. ఒక పక్క నుంచే వస్తుంటే మిషన్‌ను విప్పకండి, బిట్టు సాన వంకర. బెజ్జం కొలిచిచూస్తే 10 బదులు 10.3 వచ్చినా మొదట బిట్టునే అనుమానించి, కొత్త బిట్టుతో ఇంకోటి వేసి చూడండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా టేబుల్‌కు, పిల్లరుకు వారానికోసారి నూనె బట్ట తుడవాలి. టేబుల్ మీద చెక్క పలక ఒకటి ఎప్పుడూ ఉంచితే కొత్త మచ్చలు పడవు, కానీ వానాకాలంలో దాన్ని రాత్రిపూట తీసి పక్కన పెట్టండి. చెక్క పట్టుకున్న తడికి కింద బీడు తెల్లారేసరికి చిలుమెక్కుతుంది.